పేరు దాచమన్న అర్జీ

అతని భార్యను చంపింది జబ్బు కాదు, కోర్టు. అందులో అతనికి సందేహం లేదు. సందేహపడేవాళ్ళతో అతనికి మాటా లేదు.

రోజూలాగే పదింటికి ముందు కోర్టు హాల్లో బల్ల పక్కన నిలబడి, ఛాతీకి అడ్డంగా వేసుకునే పట్టీ మీది ఇత్తడి బిళ్ళను సుద్దపొడితో రుద్దుతున్నాడు. ముప్పై ఒక్కేళ్ళుగా అదే పట్టీ. చెమటకు తోలు నల్లబడి, భుజం దగ్గర వంపు తిరిగిపోయింది. వరండాలోకి వెళ్ళి కక్షిదారుల పేర్లు మూడేసిసార్లు కేకెయ్యడం అతని పని. మనిషి ఎండుపుల్ల. గొంతు మాత్రం మెట్ల కింద నిద్రపోయేవాణ్ణి కూడా లేపుతుంది.

"ఇవాళ్టితో నీ గొంతుకి సెలవు బాబాయ్," అన్నాడు కొత్తగా వచ్చిన గుమాస్తా. "రేపట్నుంచి గోడ మీద నంబర్లే. కొత్త చట్టం వచ్చింది. మనుషుల గుట్టు కాపాడాలట."

"ఇప్పటికి తెలిసిందా?"

"నీ కేకకి పోయినవాళ్ళు కూడా లేచొస్తారంటగా. ఇక వాళ్ళయినా పడుకుంటార్లే."

తన మాటకు తనే నవ్వుకుని జాబితా చేతికిచ్చాడు. పద్నాలుగో వరసలో అతని భార్య పేరు ఉంది.

ఆమె బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. పెళ్ళయిన కొత్తలో ఆమె మూడు నెలలు పిచ్చాసుపత్రిలో ఉన్న సంగతి ఆసుపత్రివాళ్ళే యజమానికి రాసి పంపారు. పని పోయింది. ఆమె ఆసుపత్రి మీద కేసు వేసింది. తన పేరు బయటపెట్టొద్దని దాంతోపాటు ఒక అర్జీ పెట్టుకుంది. ఆరేళ్ళ కిందట, ఆ అర్జీ వాయిదాకు వచ్చిన పొద్దున, అతను చెప్పులు వేసుకుంటుంటే అడిగింది.

"పేరు పెట్టి పిలవకు. ఒక్కసారి దగ్గు చాలు. నేనొస్తా."

"అక్కడ అందరూ ఒకటే. నీకో పద్ధతి, ఊరికో పద్ధతీనా?"

వేరే తగాదా మీద వచ్చిన కార్ఖానావాళ్ళు ఆ రోజు వరండా నిండా ఉన్నారు. మెట్ల కింద తల వంచుకుని నిలబడ్డ మనిషి కళ్ళెదుట కనబడుతూనే ఉంది. అయినా ఆమె పేరు, ఎదుటి పక్షం పిచ్చాసుపత్రి అని మూడుసార్లు కేకేశాడు. తలలన్నీ అటు తిరిగాయి. తర్వాత ఎనిమిది నెలలు ఆమె గడప దాటలేదు, అతనితో మాట్లాడలేదు. తొమ్మిదో నెలలో నలుగురు దాటించారు.

అతనికి కోర్టంటే జడ్జీలు, వకీళ్ళు, గోడలు. ఆ రోజు కేకేసిన గొంతును అందులో ఎప్పుడూ కలుపుకోలేదు.

ఆమె పోయిందని కోర్టుకు చెప్పలేదు. చెబితే అర్జీ కూడా పోతుంది. అది ఇన్నేళ్ళూ వంతు రాకుండానే వాయిదా పడుతూ వచ్చింది. పేరు దాచమన్న ఒక్క ఆర్డరు కళ్ళారా చూడాలని కాచుకుని కూచున్నాడు.

"దీన్ని నంబరుతో పిలవొచ్చుగా?" అన్నాడు గుమాస్తాతో.

"ఆ చట్టం అమలు రేపట్నుంచే బాబాయ్. దాచమని ఆర్డరొస్తే దాస్తాం."

"ఎప్పుడొస్తుంది?"

"ఆవిడొస్తే. ఆవిడ రావాలంటే నువ్వు పిలవాలి."

పద్నాలుగో పేరు వంతు వచ్చింది. వరండాలో నిలబడి మెట్ల కిందికి చూశాడు. దగ్గాడు. ఆగి, మళ్ళీ దగ్గాడు. మూడోసారి దగ్గు నిజంగానే వచ్చింది.

"పిలిచావా?" జడ్జిగారు తలెత్తలేదు.

"పిలిచానండి. పలకలేదు."

"గైర్హాజరు. కొట్టేశాం."

అరనిమిషం పట్టలేదు. సాయంత్రం ఆర్డరు ప్రతి అతని చేతికే వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించడం కూడా అతని పనే. పైన లావు అక్షరాల్లో ఆమె పేరు, కింద ఆసుపత్రి పేరు, ఆ కింద జబ్బు పేరు. దాచమని ఆమె అడిగిందంతా ఒక్క కాగితం మీదికి చేర్చారు. రాతవైపు జిగురు దట్టంగా పూసి, రాత లోపలికి పోయేలా బోర్డుకు అద్దాడు. నాలుగు మూలలూ అరచేత్తో నొక్కాడు.

"తిరగేసి అంటించావు బాబాయ్!" గుమాస్తా వెనకనుంచి అరిచాడు.

"సరిగ్గానే అంటించాను."

"ఎవరావిడ? నీకు తెలుసా?"

అతను పట్టీ విప్పి మేకుకు తగిలించాడు.

"ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేను మాట్లాడను."

వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

కాగితం పల్చనిది. జిగురు తడికి నానుతున్నకొద్దీ అక్షరాలు లోపలినుంచి తిరగబడి ఒక్కొక్కటే పైకి తేలసాగాయి, ముందుగా లావువి.