వంటింట్లో బిగించిన గంట

పప్పులో తాలింపు వేయబోతుండగా గంట మోగింది. మూకుడు దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి పరుగెత్తాను. వైర్‌లెస్ సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. మీట నొక్కి సెట్టు ఆపి, వెనక రేకు మూత తీసి, విసనకర్ర అందుకున్నాను. మా ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

ఉద్యోగం ఆయనది. పోలీసు యాక్షన్ తర్వాత తాండూరుకు వచ్చిన సర్కారీ సెట్టు ఇది, దాంతోపాటే ఈ బండల కప్పు క్వార్టరు. లోపలి గాజు బుడ్ల వంటి వాల్వులు మరీ కాగితే సెట్టు కాలిపోతుందని, వేడి హద్దు దాటగానే మోగేలా గంట పెట్టారు. మొదట అది ఆయన బల్ల మీదే ఉండేది. మధ్యాహ్నం కునుకు చెడుతోందని తీగ పొడిగించి వంటింట్లో బిగించాడు. "నువ్వు ఎట్లనన్న మేలుకొనే ఉంటవు గదా" అన్నాడు. నిజమే, నేనెప్పుడు పడుకున్నానని. రెండు ఎండాకాలాలు గడిచాయి. ఇప్పుడు గంట కూడా అక్కర్లేదు, సెట్టు లోపలి మైనం కాగిన వాసన తగిలితే చాలు లేస్తాను. స్నానానికి పోయినా చెవి ఇటే ఉంటుంది. ఎప్పుడు కాగింది, ఎంతసేపటికి చల్లారింది, మిషనరీల బడిలో నేర్చిన అక్షరాలతో సెట్టు లెక్కల పుస్తకంలో పెన్సిలుతో రాసిపెడతాను. సాయంత్రం ఆయన తన రాతే అన్నట్టు దాని మీద సిరాతో దిద్దుతాడు.

బంట్వారంలో మా అమ్మకు పక్షవాతం వచ్చి ఇరవై రోజులైంది. మాట పడిపోయిందట, వాకిలి వైపే చూస్తోందట. తమ్ముడు బీరప్ప రెండుసార్లు కబురు పంపాడు. పోతానని అడిగితే ఆయన, "ఎండలు తగ్గినంక పో. మీ అమ్మ ఆగుతది, సెట్టు ఆగదు" అన్నాడు. మా అత్త, "తల్లిగారింటి మీద గంత పాణం ఉండొద్దు బిడ్డా" అంది. తన తల్లి ఆఖరి చూపు తనకు దక్కలేదని ఒకసారి నా దగ్గరే ఏడ్చిన మనిషి ఆమె.

ఆ సాయంత్రం పై అధికారి తనిఖీకి వచ్చాడు. చాయ్ కాస్తూ తలుపు చాటు నుంచి విన్నాను.

"ఈ ఎండలకు అన్ని తావుల సెట్లు కాలినయి. నీది ఎట్ల ఆగింది?" అని అడిగాడు అధికారి.

"కన్ను తియ్యను సార్. గంట గూడ వంటింట్ల పెట్టిన."

సెట్టు చూసేది ఎవరో అధికారికి అర్థమైంది. నవ్వాడు. "మంచి ఉపాయమే. వికారాబాద్‌ల గూడ గిట్లనే పెట్టమని రాస్త. అక్కడి ఆపరేటర్‌కు పెండ్లయిందా?"

"అయింది సార్. ఆ పిల్ల పోయిన నెలనే కాపురానికొచ్చింది."

చాయ్ పొంగి పొయ్యిలో పడింది. ఆ పిల్లను నేనెన్నడూ చూడలేదు. నాకు కట్టిన గంటే ఆమె మెడకూ కడుతున్నారు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చాయ్‌పత్తి పొట్లం కాగితం విప్పి, పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసి, కప్పుతో పాటు తెచ్చి అధికారి ముందు పెట్టాను. అధికారి దాన్ని పైకే చదివాడు.

"మా తల్లికి పక్షవాతము వచ్చినందున నేటి నుండి పది దినములు సెలవు. ఇట్లు, భాగమ్మ, రెండేండ్లుగా ఈ సెట్టు చూచుచున్న మనిషి."

మా ఆయన ముఖం నల్లబడింది. అధికారి కాగితం అటూ ఇటూ తిప్పి, "నేను గిది మంజూరు చేసేటట్టు లేదమ్మా" అన్నాడు.

"మంజూరు చెయ్యమని రాయలే సార్," అన్నాను. "చెప్పి పోదామని రాసిన."