రెండో కుర్చీ

అది విరిగిపోయిందని చెప్తే చాలట, గ్రేడీ కౌన్సిలు హాలు మెట్ల మీద చెవిలో వేసిన మాట ఇంకా అక్కడే తిరుగుతోంది, వినవయ్యా ఓరిన్, వ్యాపార లైసెన్సు పన్ను ఇన్నాళ్లూ షాపుకింత, ఇవాళ ఓటు పడితే మీ మంగలి షాపులకి కుర్చీకింత, ఆ క్లైడ్ కుర్చీ బోల్టులు ఊడదీసి షెడ్డులో పడెయ్, తనిఖీకొచ్చినోడికి ఒక్కటే కనిపిస్తది, కౌన్సిల్లో కూర్చునే మనిషే అలా అంటే నేనేమంటాను, ఎప్పుడన్నాను గనక, మాటలన్నీ క్లైడ్‌వే, ఇరవై తొమ్మిదేళ్లు ఒకే అద్దంలో మా ఇద్దరి కత్తెరలూ ఆడాయి, వాడు గెడ్డానికి నురగ రాస్తూ చేప కథ మొదలెడితే ఆ చేప శనివారానికి మూరెడు పెరిగేది, కదలకు నాయనా తెగుద్ది, అంటూ వాడే నవ్వించేవాడు, కిటికీలో వాడు పెట్టుకునే ఉడికించిన వేరుశనక్కాయల పొట్లం, ఉప్పునీరు కారి చెక్క మీద తెల్లటి మరక, దాన్ని నేనింకా తుడవలేదు,

హాల్లో మైకు దగ్గర పూలకొట్టావిడ మాట్లాడుతోంది, ఓటుకి ముందు మనిషికి మూడు నిమిషాలు, ఆమె తర్వాత నేనే, మూడు నిమిషాలంటే నాకు వారానికి సరిపడా మాటలు, క్లైడ్ పోయి ఆరేళ్లు, కుర్చీ మీద తెల్లగుడ్డ కప్పాను, ప్రతి సోమవారం తోలుకు నూనె రాస్తాను, ఎవరైనా కూర్చోబోతే, అది కాదండీ, ఇటు, అంటాను, వెనక వరసలో నెడ్రా ఉంది, మొగుడు పోయాక వంటింట్లోనే జుట్టు కత్తిరించి ఇల్లు నడుపుతున్న మనిషి, ఎండాకాలంలో వచ్చి అడిగింది, ఓరిన్ గారూ, ఆ కుర్చీ అద్దెకిస్తారా, ఖాళీగానే ఉంది కదా, ఖాళీ లేదమ్మా, అన్నాను, ఆమె గుడ్డ వైపు చూసి, సరేనండి, అని తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది, గట్టిగా వేసినా బాగుండేది,

ఓరిన్, రావయ్యా, నువ్వు నోరు తెరిస్తే చూడాలని ఊరంతా వచ్చింది, మేయరమ్మ అంది, జనం నవ్వారు, ముందు నీ షాపులో కుర్చీలెన్నో చెప్పు, గుమాస్తా రాసుకుంటాడు, ఆమె పక్కన గ్రేడీ బల్ల మీద ఒక్క వేలు నిలబెట్టాడు, ఊడదీస్తే నేలలో నాలుగు కన్నాలు మిగులుతాయి, ఉంచితే ఎవరూ కూర్చోనిదానికి పన్ను, కట్టగలను, నా బెంగ దాని గురించి కాదు, ఎందుకో మంగళవారం మధ్యాహ్నాలు గుర్తొస్తున్నాయి, ఈగలు తోలుకునే వేళ, క్లైడ్ పది నిమిషాలు ఓర్చుకునేవాడు కాదు, భుజాన తువ్వాలుతోనే రోడ్డెక్కి, జడ్జిగారూ, మీ చెవుల మీద గడ్డి చూస్తే మేకలు వెంటపడతాయి, రండి రండి, అని చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టేవాడు, కుర్చీ చల్లబడకూడదోయ్ ఓరిన్, అనేవాడు, రెండు, అన్నాను మైకులో, రెండోది నెడ్రాది, ఆమె ఒప్పుకుంటే, వెనక్కి తిరిగి చూడలేకపోయాను, వాడు ఒక్క పూట ఖాళీగా ఉంచలేనిదాన్ని నేను ఆరేళ్లు ఖాళీగా ఉంచి, వాడి కోసమే అనుకున్నాను.