రికార్డు శ్రుతి

ఆ పిల్ల అడిగిన మాటలో తప్పేమీ లేదు. నలుగురిలో అడగడమే తప్పు.

సోమవారమంటే అమెరికాలోని నెవార్క్‌లో మంగలి షాపులకీ, ఆడవాళ్ల జుట్టు సవరించే షాపులకీ సెలవు. వారమంతా ఊళ్లోవాళ్ల తలలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఆ మధ్యాహ్నం క్లింటన్ అవెన్యూ బారులో కాళ్లు చాపుకుని కూర్చుంటారు. వేయించిన చేప తింటూ వెర్లీన్ పాట వింటారు. వెర్లీన్ మొదటి విడత పాడి దిగగానే రెనీటా ఎదురొచ్చింది. గ్యారీ అనే ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, మాట్లాడితే గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా ఉంటుంది.

"మీ రికార్డు అరిగిపోయేదాకా విన్నానమ్మా. దాంతోపాటే పాడుకుంటా. మరి ఇక్కడ మీరు పాడితే నా పాట కలవట్లేదేంటి? మా రికార్డు ప్లేయరు జోరుగా తిరిగి శ్రుతి పెంచేస్తుందేమోనని రిపేరుకి కూడా పట్టుకెళ్లా. దానికి ఏ రోగమూ లేదన్నాడు."

"రోగం నీ చెవిలో ఉందేమో, అది చూపించుకో" అంది వెర్లీన్.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువే నవ్వారు.

వెర్లీన్ ఒకప్పుడు ఆషామాషీ మనిషి కాదు. చర్చి పాటలో పెరిగింది, జాజ్ వాళ్ల పక్కన నిలబడి పాడటం నేర్చింది, రెంటినీ కలిపి "వాన వెలిసేదాకా ఉండు" అనే పాట రికార్డు ఇచ్చింది. ఆఖరున "ఉండు" అన్న మాటను పైకెత్తి, అక్కడే కాస్త వంచి నిలబెట్టేది. ఆ వంపు కోసం జనం పడి చచ్చారు. ఇప్పటికీ ఆదివారం ఏ చర్చిలో ఏ పిల్ల దేవుణ్ణి పిలిచినా ఆ వంపుతోనే పిలుస్తుంది, అది ఎవరిదో తెలియకపోయినా. పెద్ద హాళ్లు పోయాయి, రేడియో ఆమెను మరిచిపోయింది. మిగిలింది ఈ సోమవారం ఒక్కటే. ఇదీ పోతే ఇక తాను పాటగత్తె కాదు, ఊళ్లో ఒక ముసలిది.

తన రికార్డు తాను వినడమంటే తన ఫొటోకు తాను ముద్దు పెట్టుకోవడమేనని వెర్లీన్ వెక్కిరిస్తూ ఉండేది. అలాంటిది ఆ శనివారం స్నేహితురాలు ఓజెల్లా షాపులో తల దువ్వించుకుంటూ, చెయ్యి చాపి తానే రికార్డు పెట్టింది. దాంతో కలిసి గొంతు విప్పలేదు. ఉన్న గొంతును సోమవారానికి దాచుకోవడం ఆమె అలవాటు. పియానో మొదలవగానే వీపు నిటారుగా అయింది. బారులో తన పాటకు పియానో వాయించే థాడియస్ ఇప్పుడు వాయిస్తున్నది ఇది కాదు. దీనికంటే కింది శ్రుతి. బాగా కింద.

ఓజెల్లా జుట్టు సాపు చేసే వేడి దువ్వెన చేత్తో పట్టుకునే వచ్చి రికార్డు మీది ముల్లు ఎత్తేసింది.

"ఆ పాత గోల ఇప్పుడెందుకే? తల కదిలించావంటే చెవి కాలుద్ది."

"పాత గోలా? ఒకప్పుడు నీ షాపులో పొద్దస్తమానం మోగింది ఇదేగా?"

"అప్పుడు కుర్రదాన్నిలే" అంది ఓజెల్లా. అద్దంలోంచి మాత్రం చూపు కలపలేదు.

అనుమానం పెనుభూతం. అది పట్టుకుంటే పాత సంగతులన్నీ కొత్త మొహాలు పెట్టుకుని వస్తాయి. మొన్న థాడియస్ బారు చివర ఆ పిల్లతో ఏదో గుసగుసలాడుతూ, తనను చూడగానే నోరు మూసుకున్నాడు. బారు యజమాని ఆ పిల్ల పేరు రెండుసార్లు అడిగాడు. ఇంకేం కావాలి? ఆ బావిగొంతుకు సరిపోయేలా థాడియస్ పాటను కిందికి దించుతున్నాడు. జనం చెవులు అలవాటు పడ్డాక ఒక సోమవారం "వెర్లీన్‌కి జలుబు" అంటాడు, ఆ పిల్లను ఎక్కిస్తాడు. అతనూ తానూ ఎన్ని ఊళ్లు కలిసి తిరిగారు! ఒకే కారులో నిద్రపోయారు, ఒకే డబ్బాలో చల్లారిన కోడిమాంసం తిన్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వెర్లీన్ మాత్రం తాను ఈశ్వరుడి కంటే నాలుగాకులు ఎక్కువే చదివాననుకుంది.

సోమవారం ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. ఎప్పుడూ పియానోకు వీపు పెట్టి పాడే మనిషి, ఆ పూట పియానో వైపు తిరిగి నిలబడింది.

"థాడియస్, రికార్డు శ్రుతిలో వాయించు."

అతని వేళ్లు ఆగిపోయాయి. "ఇప్పుడెందుకు వెర్లీన్? తర్వాత చూద్దాంలే."

"ఏం, మరిచిపోయావా? ఎవరి కోసం దించావో ఆ మహాతల్లి అదిగో, అక్కడే కూర్చుంది. అందరి ముందే వాయించు."

రెనీటా తలెత్తి బిత్తరపోయింది. థాడియస్ వెర్లీన్ మొహంలోకి ఒకసారి చూసి, ఇక తప్పదన్నట్టు మొదలుపెట్టాడు.

మొదటి చరణం బాగానే సాగింది. రెండోది ఈడ్చుకుంటూ గట్టెక్కింది. "ఉండు" దగ్గరికి వచ్చేసరికి గొంతు లేచింది, పైన అంచును తాకింది, పుటుక్కున తెగింది. వట్టి గాలి వచ్చింది.

వెనకనుంచి ఒక మంగలి మెల్లగా అన్నాడు: "తీరిగ్గా పాడు తల్లీ. తొందరేం లేదు."

"అవును, తీరిగ్గా పాడక్కా" అన్నారు ఇంకొందరు.

ఆ మాట ఏమిటో వెర్లీన్‌కు తెలియనిది కాదు. చర్చిలో గొంతు తడబడిన ముసలివాళ్లతో అనే మాట అది. తానూ ఎందరితోనో అంది. ఆమె చుట్టూ ఉన్న మొహాలన్నీ వెతికింది. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. అదే ఆమెను చంపేసింది.

"ఎప్పట్నించి?" అంది థాడియస్‌తో.

"మీ అమ్మ పోయిన చలికాలం ఒక మెట్టు దించా. తర్వాత ఇంకోటి."

"నాతో చెప్పలేదేం?"

"చెబితే మళ్లీ పాడేదానివా?"

"మరి ఆ పిల్లతో గుసగుసలేంటి?"

"ఇంకోసారి రికార్డు సంగతి ఎత్తితే ఈ గుమ్మం తొక్కనివ్వనన్నా."

వెర్లీన్ జనంలో కూర్చున్న ఓజెల్లా వైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

"అందరికీ తెలుసే" అంది ఓజెల్లా ఏడుస్తూ.

"అయితే ఇన్నాళ్లూ చప్పట్లు పాటకు కొట్టారా, జాలితో కొట్టారా?"

రెనీటా ఒక్కతే లేచి నిలబడింది, కళ్లు తుడుచుకుంటూ.

"ఇటు రావే. నా పాట నువ్వు ఏ శ్రుతిలో పాడతావు?"

"రికార్డు శ్రుతిలోనేనమ్మా. ఇంకోలా నాకు రాదు."

వెర్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కింది శ్రుతి ఈ పిల్లకు ఎందుకూ పనికిరాదు. అంటే థాడియస్ దించిందంతా తన కోసమే. సిగ్గుతో ఆమె చెవులు మండాయి. ఆ సిగ్గులోనే కోపమూ ఉంది, వాళ్లందరి దయ మీద.

"వచ్చే వారం నుంచి ముందు బల్ల దగ్గర కూర్చో" అంది రెనీటాతో. "ఈ గదిలో అబద్ధం చేతకానిది నువ్వొక్కదానివే."

తర్వాత థాడియస్ వైపు తిరిగింది. "దించు. ఇంకో మెట్టు కావాలంటే అదీ దించు. ఈసారి నాకు చెప్పి దించు."

అతను కింది శ్రుతి పలికించి వినిపించాడు. ఆమె తల ఊపి, పియానో వైపే తిరిగి పాడింది. పాట అయ్యేసరికి చప్పట్లతో గది దద్దరిల్లింది. వెర్లీన్ వాటిని ఏ మాత్రం నమ్మలేదు. రెనీటాను చూసింది. రెనీటా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఏమే?"

"బాగుందమ్మా. కానీ ఆ వంపు రాలేదు."

వెర్లీన్ గౌను సర్దుకుని పియానో వైపు తిరిగింది.

"మళ్లీ మొదట్నించి, థాడియస్."