పక్కింటి పెళ్లి వీడియో

పెన్ డ్రైవ్‌కి పసుపూ కుంకుమా అద్దే ఊరు ఎక్కడైనా ఉందా అంటే, ఉంది. సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు పోతే ప్రమోదిని వాళ్ల పేట వస్తుంది. అక్కడ పెళ్లిళ్లు విడివిడిగా జరగవు. రెండు మూడేళ్లకోసారి పెద్దలు కూర్చుని ఊరంతటికీ ఒకే ముహూర్తం పెడతారు. ఈడొచ్చిన పిల్లలందరికీ ఆ రోజే పెళ్లి. ఎవరి గుమ్మం ముందు వాళ్ల పందిరి. ప్రమోదినికీ యువరాజుకీ పెళ్లైన ఏడాది నలభై జంటలు పీటల మీద కూర్చున్నాయి. ఇంతమందికీ వీడియో తీయడానికి వచ్చినవాడు మాత్రం ఒక్కడే, టెక్కలి తారకేశ్వరరావు. క్యామ్‌కార్డర్ పట్టుకుని ఇంటింటికీ పరిగెత్తాడు పాపం. ఒకరింట తాళి దొరికింది, ఒకరింట తలంబ్రాలు, ఇంకొకరింట ఎంగిలి విస్తర్లు.

తర్వాత ఇంటికో పెన్ డ్రైవ్ పంచాడు. టీవీకి గుచ్చితే ఈ ఫైలు నడవదని రాత వచ్చేది. పోనీలే, లోపల పెళ్లి ఉందిగా అనుకుని జనం వాటిని దేవుడి గూట్లో పెట్టేశారు. దేవుడి గూట్లో చేరాక బొట్టు పెట్టకుండా ఎలా ఉంటారు? బొమ్మ కనపడని వీడియోని ఏళ్ల తరబడి అంత భక్తిగా దాచుకున్న జనం మరెక్కడా ఉండరు.

ఆ పెన్ డ్రైవ్‌నే గుప్పిట్లో బిగించి పట్టుకుని ప్రమోదిని ఇప్పుడు టెక్కలిలో, అదే తారకేశ్వరరావు దుకాణంలో కూర్చుంది. చెమటకి పసుపు వేళ్లకి అంటుకుంటోంది.

యువరాజుకి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. పలాస పోయి డయాలసిస్ చేయించుకుని రావడం, మళ్లీ పోవడం, ఇదే బతుకైపోయింది. వల లాగిన చేతులతో ఇప్పుడు బకెట్ నీళ్లు ఎత్తలేడు. ప్రమోదిని కిడ్నీ అతనికి సరిపోతుందని విశాఖపట్నం డాక్టర్లు తేల్చారు. "నీది నాకొద్దే, నువ్వు బాగుండు" అని అతను మొండికేస్తే, "నోర్మూసుకో మావా" అని ఆమె కొట్టిపారేసింది. అయినా అతను లోలోపల ఒప్పుకోలేదని ఆమెకి తెలుసు.

డాక్టర్లతో తంటా లేదు. తంటా కిడ్నీ మార్పిడికి అనుమతి ఇచ్చే కమిటీతో వచ్చింది. కిడ్నీలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ మొగుడూ పెళ్లాలమని చెప్పుకుని వస్తుంటారట. అందుకని పెళ్లినాటి ఫోటో చూపించమన్నారు. రేషన్ కార్డులూ ఆధార్ కార్డులూ ఇస్తే, అవి ఎప్పుడైనా చేయించుకోవచ్చన్నారు. పిల్లలా, లేరు. ఆల్బమా, తిత్లీ తుఫానుకి ఇంటి కప్పుతో పాటే ఎగిరిపోయింది. గోడలో గూడు ఉండబట్టి పెన్ డ్రైవ్ మిగిలింది. దాన్ని వాళ్ల కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోలేదు. "మామూలుగా నడిచే ఫార్మాట్‌లోకి మార్పించుకుని గురువారం రండి. అప్పుడూ ఏమీ చూపించలేకపోతే మేం అనుమతి ఇవ్వలేం" అన్నారు. ఇవాళ మంగళవారం.

"ఇది ఎంటీఎస్ ఫైలమ్మా," అన్నాడు తారకేశ్వరరావు, పెన్ డ్రైవ్ మీది పసుపుని రుమాలుతో తుడుస్తూ. "అప్పటి హెచ్‌డీ క్యామ్‌కార్డర్లు ఇలాగే దాచేవి. చాలా టీవీలూ ఫోన్లూ దీన్ని తెరవలేవు. ఎంపీఫోర్ చేసేస్తే ఎక్కడైనా ఆడుతుంది."

"మార్సితే లోపల బొమ్మ మారిపోదు గదా బాబూ?"

"చేప అదేనమ్మా. ఐసు పెట్టెలోంచి తీసి గంపలో వేస్తున్నాం, అంతే."

ఈ మాట ఆమెకి బాగా అర్థమైంది. కొంచెం ఊపిరి పీల్చుకుంది. కంప్యూటర్ తెర మీద, ఫైలు ఎంతవరకు మారిందో చూపే పచ్చగీత నత్తలా పాకుతుంటే, గంగమ్మ తల్లికి మొక్కుకుంటూ కళ్లార్పకుండా చూసింది. గీత చివరికి చేరింది. తారకేశ్వరరావు ఫైలు తెరిచాడు. పందిరి, రంగు లైట్లు, బాజాలు. పెళ్లికూతురు తల ఎత్తింది.

"ఓలమ్మో!" అని ప్రమోదిని లేచి నిలబడింది. "ఇది నాను కాదు బాబూ. ఇది అనిత!"

"అనిత ఎవరు?"

"మా పక్కింటామె. ఆ పీట మీదున్నోడు కూర్మయ్య. ఇది ఆల పెళ్లి, మాది కాదు!"

తారకేశ్వరరావు వీడియో ఆపి, నుదురు రుద్దుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ అతని ముఖం వాడిపోయింది.

"మీ ఊళ్లో మొదటింట్లో అన్నదమ్ములిద్దరికీ ఒకే పందిట్లో చేశారు కదమ్మా. పెళ్లిళ్లు రెండు, పెన్ డ్రైవులూ రెండు. పంచేటప్పుడు ఇంటికొకటి చొప్పున ఇచ్చుకుంటూ పోయాను. అక్కడ ఒకటే ఇచ్చానన్నమాట. అక్కడి నుంచి వరసంతా ఒక ఇల్లు జరిగిపోయింది. చివర ఒకటి మిగిలితే, ఎక్కువ కాపీ చేశాననుకున్నాను."

అంటే ఊరు ఊరంతా ఇన్నేళ్లుగా పక్కింటి పెళ్లికి బొట్లు పెడుతోందన్నమాట. మరోరోజైతే ప్రమోదిని పడీపడీ నవ్వేది. ఇవాళ అతని బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"అసలుది మీ కాడ ఉంటది గదా?"

"నా హార్డ్ డిస్క్ కూడా తిత్లీ నీళ్లలో మునిగిందమ్మా. కానీ లెక్క ప్రకారం మీ పెళ్లి మీకు అటుపక్క ఇంట్లో ఉండాలి."

అటుపక్క ఇల్లు కమలకుమారిది. ప్రమోదిని అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "వదినా, మీ పెళ్లి పెన్ డ్రైవు బద్రంగా ఉందా?"

"అదా?" అంది కమలకుమారి తాపీగా. "ఆడనిదాన్ని దాసుకుని ఏటి సేత్తాం? మీ అన్నయ్య అందులోది సెరిపేసి, ఆటోలోకి పాటలేయించుకున్నాడు. నాలుగేళ్లయింది. ఏల, ఏటైంది?"

"ఏటీ నేదు వదినా," అని ఫోన్ పెట్టేసింది.

ఏటీ లేదు. నిజంగానే ఇక ఏమీ లేదు. తన పెళ్లిని తుడిచేసి, దాని మీద ఎవరో పాటలు వేసుకుని సోంపేట రోడ్డు మీద తిరుగుతున్నారు. దుఃఖం, కోపం రెండూ కలిసి తన్నుకొచ్చాయి ప్రమోదినికి. కమలకుమారిని ఏమనగలదు? ఎదురుగా ఉన్నవాడు తారకేశ్వరరావు.

"ఇచ్చే ముందు ఒక్కపాలి ఆడించి సూడనేకపోయారా బాబూ! మీకు అది ఒక పెన్ డ్రైవు. నాకు అది మా మావ పానం!"

అతను తల దించుకున్నాడు. తప్పు తనదే. అందరూ తొందరపెట్టారని చెప్పడానికి సిగ్గేసింది. మంచినీళ్ల సీసా ఆమె ముందు పెట్టాడు.

ప్రమోదిని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తెర మీద అనిత ఇంకా అలాగే తల ఎత్తి నవ్వుతోంది. చూడగా చూడగా ఆమెకి ఒక సంగతి తట్టింది.

"అనిత పెళ్లి అంతా మార్సినారా?"

"లేదు, ఒక్క ఫైలే. ఇంకా కొన్ని ఉన్నాయి. ఎవరిదో పెళ్లి మనకెందుకని ఆపేశాను."

"ఆపకండి బాబూ! తాళి కట్టినాక తెల్లారగట్ల జంటలన్నీ కలిసి గంగమ్మకి మొక్కడానికి రేవుకి ఎల్లినాం. మీరు మా ముందు ఎనక్కి నడుసుకుంటా తీసినారు. ఇసకలో ఎల్లకిలా పడిపోయినారు గూడాను."

పడిన మాట వినగానే తారకేశ్వరరావుకి అంతా గుర్తొచ్చింది. నడుం ఆ తర్వాత నెలరోజులు నొప్పెట్టింది మరి. "అవునవును! ఆ ఫైలు అందరికీ ఒకటే కాపీ వేశాను!" అని గబగబా చివరి ఫైలు మార్చడానికి పెట్టాడు.

అది మారి తెరుచుకుంది. కానీ నడుస్తున్న మనుషులందరి మీదా అడ్డగీతలు. కదిలిన చోటల్లా ముఖాలు దువ్వెన పళ్లలా చీలిపోయి ఉన్నాయి.

"ఇదేటిది, మొకాలు గీకేసినట్టున్నాయి?"

"ఈ కెమెరా ఒక్కో బొమ్మని రెండు సగాలుగా దాస్తుందమ్మా. మనిషి కదిలితే ఆ రెండూ అతకవు. ఆ గీతలు పోగొట్టే గుర్తు పెట్టడం మరిచిపోయాను. ఒక్క నిమిషం." ఏదో గడిలో టిక్కు పెట్టి, మళ్లీ మొదలెట్టాడు. ఈసారి పచ్చగీతని ఆమె కంటే అతనే ఎక్కువ భయంగా చూశాడు.

రెండోసారి బొమ్మ కడిగినట్టు వచ్చింది. తెల్లవారుతున్న సముద్రం, తడి ఇసక, నలభై జంటలు. పెళ్లికూతుళ్లందరికీ ఒకే పసుపు చీరలు, నుదుటన బాసికాలు, ముక్కు దాకా ముసుగులు. పెళ్లికొడుకులందరికీ ఒకే తలపాగాలు. మనుషులు ఒకరికొకరు అడ్డం వస్తున్నారు. ప్రమోదిని ఒక్కో ముఖం దగ్గరా ఆపించి వెతికింది. యువరాజులాంటి వాళ్లు పదిమంది కనిపించారు. తనలాంటి వాళ్లు ఇరవైమంది. తన పెళ్లిలో తనని తానే పోల్చుకోలేకపోయింది.

"ఉన్నారు కదమ్మా ఎక్కడో ఒక చోట," అన్నాడు తారకేశ్వరరావు, ఎంపీఫోర్ పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తూ. ఈసారి ఇచ్చే ముందు తన ఫోన్‌లోనూ, దుకాణం టీవీలోనూ ఆడించి చూశాడు. "వాట్సాప్‌లో మాత్రం పంపకండి. సైజు తగ్గించేసి ముఖాలు చెరిపేస్తుంది."

గురువారం కమిటీ గది బయట బల్ల మీద మొగుడూ పెళ్లాలు కూర్చున్నారు. వీడియోలో తమని పోల్చుకోలేకపోయిన సంగతి అతనికి ఆమె చెప్పలేదు. చెప్తే, దొరక్కపోతేనే మంచిదంటాడని భయం. పెన్ డ్రైవ్ తీసుకుని, ముందు యువరాజుని ఒక్కడినే పిలిచారు. తలుపు మూసుకుంది. ప్రమోదిని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. తనకే కనపడని తనని ఆయనేం చూపిస్తాడు? చూపించలేకపోతే దొంగ పెళ్లాం అంటారు. రేపటి నుంచి మళ్లీ పలాస బస్సు. ఎన్నాళ్లని?

తలుపు తెరిచి, అతన్ని వేరే దారిన పంపించి, ఆమెని పిలిచారు. లోపల తెర మీద బొమ్మ ఆగి ఉంది. కళ్లజోడు పెట్టుకున్న మేడం ఒకావిడ ఒక మూలకి వేలు పెట్టి చూపించింది. అందరూ ముందుకు సాగిపోతుంటే, అంచున ఒక జంట నిలిచిపోయి ఉంది.

"మీ ఆయన ఈ ఇద్దరినీ చూపించారు. వీళ్లు ఎందుకు ఆగారో మీరు చెప్పండి."

ప్రమోదిని దగ్గరికి జరిగి చూసింది. దుకాణంలో అన్నీ ముఖాలే వెతికింది గానీ, కాళ్లు చూడలేదు. ఆ పెళ్లికొడుకు ఒంటికాలి మీద నిలబడి, పెళ్లికూతురి భుజం పట్టుకున్నాడు. 

"గవ్వండీ," అంది. "పగిలిన గవ్వ గుచ్చుకుంది మా మావకి. ఎడం కాలు. పెద్దోళ్లు ఆగొద్దు, నడండి నడండి అని అరిసినారు. నాను నడిత్తే కొంగుముడి లాగి ఆడు పడిపోతాడండి. అందుకని ఆగిపోనాను."

గదిలో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేడం కళ్లజోడు తీసి, కాసేపు కొంగుతో తుడుచుకుంది.

"ఎడమ కాలు, గవ్వ. ఆయనా అదే చెప్పారమ్మా. ముసుగులున్నాయి కదా, ఎలా గుర్తుపట్టారని అడిగితే ఏమన్నారో తెలుసా? అందరి పెళ్లికూతుళ్లూ నడుత్తన్నారండి, ఆగినది నా పెళ్లాం అన్నారు."

మేడం సంతకం పెట్టింది. మిగతావాళ్లూ పెట్టారు. ఆపరేషన్ తేదీ డాక్టర్లు చెప్తారన్నారు. ప్రమోదిని వాళ్లందరికీ దండం పెట్టింది. గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

యువరాజు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్లి పక్కన కూలబడి, సిగ్గూ ఎగ్గూ లేకుండా భోరున ఏడ్చింది. అతను హడలిపోయాడు.

"ఏటే, ఒప్పుకోనేదా?"

"ఒప్పుకున్నారు మావా. అందరూ ఒప్పుకున్నారు," అంది ముక్కు చీదుకుంటూ. "నువ్వే మిగిలినావు."

యువరాజు వంగి తన ఎడం పాదాన్ని అరచేత్తో తడుముకున్నాడు. ఆమె లేవలేదు. మెట్లెక్కేవాళ్లు పక్కకి తప్పుకుని పోతున్నారు.

"సర్లే," అన్నాడు చివరికి, ఆమె చెయ్యి తీసుకుని. "ఇయ్యి."