తెల్ల చీటీ

ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం ఏమిటంటే, ఖరీదైన కారులో వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చోవడం. చెబితే జనం నవ్వుతారు. మా అక్క అయితే ఇప్పటికీ, "దానికేమే, కునికిపాట్లు పడ్డందుకు జీతమిస్తారు" అంటుంది. అననీ. ఒక్కరోజు వచ్చి నా సీట్లో కూర్చుంటే దానికీ తెలిసేది.

మా కార్లని అందరూ గంట కార్లంటారు. ముందు బానెట్ మీద చిన్న వెండి గంట ఉంటుంది, దానికి నాలుక ఉండదు. కంపెనీ పెట్టిన ముసలాయన మొదట్లో గోడ గడియారాలు బాగుచేసేవాడట. ఆయన భార్యకి తలనొప్పి జబ్బు. గరిటె కింద పడ్డా ఆవిడకి తల పగిలిపోయేది. ఆ రోజుల్లో కార్లంటే పిండిమరలు రోడ్డెక్కినట్టే ఉండేవి. ఆవిడ కోసం చప్పుడు చెయ్యని కారు కడతానని ఈయన ఆరేళ్ళు షెడ్డులో కూర్చున్నాడు. కట్టాక కొత్త చిక్కు వచ్చింది. అది వెనక నుంచి వస్తున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు, రెండుసార్లు మనుషుల మీదికే వెళ్ళబోయింది. దాంతో ముందు గంట కట్టాడు. తర్వాత హారన్లు వచ్చాయి, గంటకి నాలుక పీకేశాడు. గంట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ కథ విని జనం రెండేళ్ళయినా కారు కోసం ఎదురుచూస్తారు. ఒకాయన కారు తీసుకోవడానికి వచ్చి, తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసి, పదిహేనుసార్లు ఆ "థప్" మనే మెత్తటి చప్పుడు వింటూ నిలబడ్డాడు. "ఎక్కుతారా, లేక ఆ తలుపుతోనే కాపురం పెడతారా?" అంది ఆయన భార్య. ఆయన పిచ్చి నాకు అర్థమైంది. నేనూ ఆ పిచ్చిలోనే బతికినదాన్ని.

మొదటి కారు దగ్గర్నుంచి మాకొక పద్ధతి ఉంది. యంత్రాలన్నీ చూసి సరే అన్నాక, కారు వందల కిలోమీటర్లు తిరిగాక, గేటు దాటేముందు ఒక మనిషి వినాలి. మొదట విన్నది ఆ ముసలాయన భార్యే. నేను ఐదోదాన్ని. వెనక సీట్లో కూర్చుని గంటసేపు విని, వినిపించిన చప్పుళ్ళు చీటీ మీద రాయాలి. వాటికి ఆవిడ పెట్టిన పేర్లే ఇప్పటికీ వాడతాం. కిచకిచలాడితే ఎలుక. మూలిగితే ముసలాయన, అంటే ఆవిడ మొగుడే! సన్నగా, ఆగకుండా పాడితే కందిరీగ. ఎలుకా ముసలాయనా చిరాకు మాత్రమే. కందిరీగ అలా కాదు. చక్రం లోపలి బేరింగ్ చెడిపోతోందని అర్థం. పట్టించుకోకుండా వదిలేస్తే ఏదో ఒకరోజు, రోడ్డు మీద వెళుతుండగానే, చక్రం ఊడిపోతుంది.

కారు నడిపే మనిషి చెవుల్లో దూది పెట్టుకోవాలి. ఒక కారుకి ఒకటే చెవి, ఇంకో చెవి వేలు పెట్టకూడదు. అది ముసలాయన పెట్టిన నియమం. నా కారు నడిపేది మా బావ, అక్క మొగుడు. బుర్రమీసాలు, దూది చెవులు, ఇరవై ఏళ్ళుగా నా మొహం అద్దంలో చూస్తూ నడుపుతున్నాడు.

ఇంకో నియమం చెప్పాలి. చీటీ మీద ఏదో ఒకటి రాయకుండా ఇంతవరకు ఏ కారూ బయటికి పోలేదు. తెల్ల చీటీ గనక వస్తే, అంటే ఒక్క చప్పుడూ లేని కారు తయారైతే, సైరన్ మోగించాలి. ఫ్యాక్టరీ అంతటికీ మర్నాడు సెలవు. విన్నవాళ్ళ ఫోటో ముందు హాల్లో ముసలాయన భార్య ఫోటో పక్కన పెట్టాలి. తొంభై ఏళ్ళలో ఒక్కసారీ రాలేదు.

ఇక నా సంగతి. ఏడు నెలల క్రితం వంటింట్లో కుక్కర్ ముందు నిలబడి విజిల్ కోసం చూస్తున్నాను. ఆవిరి చిమ్ముతోంది, విజిల్ ఊగుతోంది, చప్పుడు లేదు. అమ్మాయి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, "అమ్మా, ఏడు విజిల్స్ వచ్చాయి, ఏం చేస్తున్నావు?" అంది. ఏదో ఆలోచనలో ఉన్నానన్నాను.

మనుషుల మాటలు వినిపిస్తున్నాయి, కాస్త మసకగా. బరువైన చప్పుళ్ళూ వినిపిస్తున్నాయి. సన్నవి పోయాయి. నేను ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? ఈ చెవులు తప్ప నాకేం వచ్చు? ఇంకెక్కడికైనా వెళ్ళి, కూర్చోవడంలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉందండీ అని చెప్పుకోనా?

అందుకని దొంగచీటీలు రాశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, రాశాను. "ముందు కుడి తలుపు, ఎలుక." "డిక్కీ దగ్గర ముసలాయన." ఫిట్టర్లు పాపం నా మాట వేదమనుకుని తలుపంతా విప్పేవాళ్ళు. ఏదో ఒక మర వెంట్రుకవాసి వదులుగా దొరికేది. "ఏం చెవి అండీ బాబూ మీది!" అని దణ్ణాలు పెట్టేవాళ్ళు. వాళ్ళు దణ్ణం పెట్టిన ప్రతిసారీ నాకు చెమటలు పట్టేవి. యంత్రాలు ముందే చూశాయిగా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. కారు తిరిగాక పుట్టే చప్పుడు ఆ యంత్రాలకి తెలియదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు ముదురాకుపచ్చ కారు. సాయంత్రం నాలుగింటికి ఇచ్చెయ్యాలి. ఒక కుర్ర జంట, కవల పసిపిల్లలు, ఇక్కణ్ణుంచి నేరుగా కొండల్లోకి ప్రయాణమట. పొద్దున్నే వెనక సీట్లో ఎక్కాను. బావ చెవుల్లో దూది కుక్కుకుని కారు తీశాడు. కళ్ళు మూసుకున్నాను.

ఏమీ లేదు. అంతకుముందు గాలో, టైర్ల రొదో, బావ దగ్గో ఏదో ఒకటి అందేది. ఆ రోజు అవీ లేవు. నూతిలో దింపి పైన మూత పెట్టినట్టుంది. కళ్ళు తెరిచి చూస్తే చెట్లు వెనక్కి పోతున్నాయి. ఏదో ఒకటి రాసెయ్యి, ఎలుకని రాసెయ్యి అనుకుంటున్నాను, పెన్ను కదలడం లేదు. కారు ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు. బావ వెనక్కి తిరిగి, అలవాటుగా నా ఒళ్ళోంచి చీటీ తీసుకున్నాడు. చూశాడు. తిప్పి చూశాడు. మీసాలు పైకి లేచాయి.

"తెల్ల చీటీ!" అని అరిచాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

నేను నోరు తెరిచేలోపే దిగి పరుగెత్తాడు. సైరన్ నాకు ఎక్కడో దూరంగా ఎవరో మూలిగినట్టు వినిపించింది. షెడ్లలోంచి జనం బిలబిలా వచ్చేశారు. ఒకరినొకరు వాటేసుకుంటున్నారు, టోపీలు ఎగరేస్తున్నారు. మా మేడం, అంటే ముసలాయన మునిమనవరాలు, ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున దిగొచ్చి నన్ను కావలించుకుంది. చెవిలో ఏదో అంది. తలూపాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకుని కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను.

బయటికొచ్చాక మొహాన నవ్వు పులుముకుని, బావ చొక్కా పట్టుకుని పక్కకి లాగాను. "ఆ కారు ఇంకోసారి తిప్పు."

"పరీక్ష పాసయ్యాక మళ్ళీ హాల్లోకి వెళ్తానంటావేమే?" అన్నాడు నవ్వుతూ. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడతాడు కనక అందింది.

"తిప్పు బావా, నీకు దణ్ణం పెడతాను."

నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. కారు వెనక గేటులోంచి టెస్ట్ రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. ఈసారి ముందు సీట్లో, ఆయన పక్కనే కూర్చున్నాను. "దూది తియ్యి," అన్నాను.

"పిచ్చి పట్టిందా? తొంభై ఏళ్ళుగా..."

"నాకు వినపడట్లేదు బావా. ఏడు నెలలైంది. ఇవాళ బొత్తిగా పోయింది."

ఆయన ఒక చెవిలోంచి, తర్వాత రెండో చెవిలోంచి మెల్లిగా దూది లాగి జేబులో పెట్టుకున్నాడు. కారు కదిలింది. నేను రోడ్డు చూడలేదు, ఆయన దవడనే చూస్తున్నాను. వేగం పెరిగింది. ఒకచోట దవడ బిగుసుకుంది. తల వెనక్కి, ఎడమ పక్కకి తిప్పాడు. తర్వాత కారుని పసిపిల్లని పడుకోబెడుతున్నంత జాగ్రత్తగా పక్కకి తీసి ఆపాడు.

"ఏమిటి?"

నేను చూసేలా నోరు పెద్దగా తెరిచి చెప్పాడు. "కందిరీగ. వెనక ఎడమ చక్రం. పొద్దున నువ్వు కూర్చున్న వైపే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గంటసేపు నా కిందే అది అరుస్తూ ఉంది, నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆ పసిపిల్లల సీట్లు కూడా అక్కడే బిగించారు.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏడవకు. ఇంకా ఏం మునిగిపోలేదు. చీటీ మార్చేద్దాం. అనుమానమొచ్చి మళ్ళీ విన్నావు, కందిరీగ దొరికింది, అంతే. సెలవు పోయిందని నలుగురు తిట్టుకుంటారు, తిట్టుకోనీ. నీ చెవి సంగతి నేను మీ అక్కకి కూడా చెప్పను."

నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది. ఎంత తేలిక! ఒక్క మాట రాస్తే చాలు. పెన్ను కూడా తీశాను. అప్పుడే గుర్తొచ్చింది.

"మరి మిగతావి?" అన్నాను.

"మిగతావేమిటి?"

"ఏడు నెలలుగా నేను పంపించినవి. ఒక్కదానికీ కందిరీగ రాయలేదు బావా. ఎన్నింటికి ఉందో నాకేం తెలుసు?"

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. కారు అక్కడే వదిలేసి, నాతో నడిచి ఆఫీసుకి వచ్చాడు.

మేడం గదిలో ఫోటోలవాడు లైట్లు పెడుతున్నాడు. అతన్ని బయటికి పంపమన్నాను. చెప్పాల్సింది చెప్పేశాను, నిలబడే, ఒక్క గుక్కలో, ఏడుపు మింగుకుంటూ. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ చీటీల పుస్తకం తెరిచి వెనక్కి తిప్పుకుంటూ పోయింది. కందిరీగ అన్న మాట ఆఖరిసారి కనిపించిన పేజీ దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి నిన్నటిదాకా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై ఆరు కార్లు.

"నీ సంగతి తర్వాత," అంది, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి. "ముందు ఫోన్లు చెయ్యండి."

బల్ల చుట్టూ కూర్చున్నాం. మేడం ఒక ఫోను, బావ ఒక ఫోను. నేను జాబితా పట్టుకుని అయిపోయిన పేర్లు కొట్టేస్తున్నాను. అవతలివాళ్ళు ఏమంటున్నారో నాకు తెలియదు, వీళ్ళిద్దరి మొహాలే నాకు చెవులు. ఒకాయన కారు షెడ్డులోంచి తియ్యనే లేదట, రోజూ చూసుకుని మురుస్తున్నాడట. ఒకావిడ బూతులు తిట్టిందట, బావ చెవి ఎర్రబడింది. ఒక్కో పేరు కొట్టేస్తుంటే ఒక్కో బండరాయి నా గుండెల మీంచి దిగుతోంది. ఇరవై ఐదు అయ్యాయి.

ఇరవై ఆరోది ఎత్తడం లేదు. రిటైరైన డాక్టరమ్మ, డెబ్బై దాటింది, కారు తనే నడుపుతుంది. మూడుసార్లు చేశాడు బావ. మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు. నాలుగోసారి ఎత్తింది. బావ "అమ్మా" అని మొదలుపెట్టి, ఆగిపోయి, నా వైపు చూశాడు. ఆ చూపు చచ్చేదాకా మర్చిపోను.

"డ్రైవింగ్‌లో ఉంది. ఘాట్ రోడ్డట, కిందికి దిగుతోంది. వెనక మనవలున్నారు."

ఫోను లాక్కున్నాను. "ఆపండి! పక్కకి తీసి ఆపండి! బ్రేకు గట్టిగా తొక్కకండి, గేరు తగ్గించి, మెల్లిగా ఆపండి! పిల్లల్ని దింపండి!" అరుస్తున్నాను, నా గొంతు నాకే వినపడటం లేదు. ఆవిడ జవాబు చెప్పిందో లేదో తెలియదు. ఆగిందో, లోయలోకే పోయిందో తెలియదు. ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కి బావ పెదాల వైపు చూస్తున్నాను. ఆ పెదాలు కదలవు. మేడం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపో. నా ప్రాణమంతా ఆ మీసాల కింద ఉంది.

"ఆపింది," అన్నాడు. "పిల్లలు దిగారు. గట్టు మీద కూర్చున్నారు."

కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉన్నట్టుంది. బావ వింటూ ఉన్నాడు. వింటూ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. "ఏమంటోంది బావా?" అన్నాను.

"రెండు నెలలుగా సన్నగా ఏదో చప్పుడు వస్తూనే ఉందట. గంట కారు చప్పుడు చెయ్యదు కదా, నా చెవులే పాడయ్యాయనుకున్నాను అంటోంది. ఎవరికీ చెప్పలేదట. చెబితే ఇంట్లోవాళ్ళు కారు తాళాలు లాక్కుంటారని భయమట." ఫోను నా వైపు జరిపాడు. "అయితే నా చెవులు బాగానే ఉన్నట్టేనా అమ్మా అని అడుగుతోంది. నిన్నే."

ఫోను మీదికి వంగాను.

"బాగున్నాయమ్మా. మీ చెవులు చాలా బాగున్నాయి. పాడైనవి నావి. నేనూ భయపడి చెప్పలేదు."

ఆవిడ ఏమందో బావని అడగలేదు.