గోనెసంచుల గది

ఫాతిమా బేగం ముక్కుకు కట్టుకున్న గుడ్డను మరోసారి బిగించి, మిరపకాయల కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళను చూసింది. వరంగల్ మిర్చి మార్కెట్ వెనుక ఉన్న ఆ షెడ్డులో తొడిమలు తీసే పని ఆమెకు తొమ్మిదో ఏట మొదలైంది. ఇప్పుడు యాభై నాలుగు. వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయి, వేలిముద్ర మిషన్లు ఆమెను గుర్తుపట్టడం మానేశాయి. ఆరేళ్ళ కింద మేస్త్రీ అయింది. కూలీలను తెచ్చేది ఆమే.

కుప్పకు ఆ చివర బుద్రి కూర్చుంది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కాల్పులకు ఊరు ఖాళీ అయితే, పిన్ని వెంట గోదావరి దాటి వచ్చిన కోయ పిల్ల. చిన్న వేళ్ళు తొందరగా ఆడతాయని షావుకారు అంటే ఫాతిమాయే తెచ్చింది. పిల్లకు పదేళ్ళు. కూలీల పుస్తకంలో పదహారని రాయించింది. వారం నుంచి దగ్గుతోంది. దవాఖానకు తీసుకుపోవాలని ఫాతిమా రోజూ అనుకుంది, రోజూ పని అడ్డమొచ్చింది.

పదకొండు గంటలకు తనిఖీకి లేబర్ ఆఫీసు సారు వస్తున్నాడని షావుకారు ఫోన్ చేశాడు. ఫాతిమా బుద్రిని గోనెసంచుల గదిలోకి తీసుకెళ్ళి, పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. పిల్ల తలూపింది. ఫాతిమా షట్టర్ దించింది.

ఆ సారు నెమ్మదస్తుడు. టీ తాగుతూ, పిల్లలెవరైనా పనిచేస్తున్నారా అని అడిగాడు. లేరని ఫాతిమా చెప్పింది. అరగంటలో గదిలోంచి ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. ఆమె మనసులోనే అల్లాకు శుక్రియా చెప్పుకుంది.

ఆయన వెళ్ళాక షట్టర్ ఎత్తితే బుద్రి పక్కకు ఒరిగి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. లోపలి మిర్చి ఘాటుకు ఫాతిమాకే ఊపిరాడలేదు. పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కింది.

దవాఖానలో డాక్టరమ్మ వయసు అడిగింది.

"పదహారు," అంది ఫాతిమా. నోటికి అలవాటైన అంకె. డాక్టరమ్మ రాయబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. "గాదమ్మా. పదేండ్లు. అబద్దం జెప్పిన. గదిల బెట్టి షట్టర్ ఏసింది గూడ నేనే. అదే రాయి."

మూడున్నరకు బుద్రి ఊపిరి ఆగిపోయింది. పరుగున వచ్చిన పిన్ని గోడకు ఆనుకుని, వచ్చీరాని తెలుగులో ఒక్కటే అడిగింది.

"ఎవర్నన్న పిలిచిందా?"

"లే," అంది ఫాతిమా. "సప్పుడే జేయలే."

పోలీసులు వస్తారని, షెడ్డు దగ్గర ఉండమని దవాఖానవాళ్ళు చెప్పారు. పిల్ల తనంతట తానే వచ్చిందని చెప్పమంటూ షావుకారు ఫోన్ చేస్తే ఆమె మధ్యలోనే పెట్టేసింది. షెడ్డులో ఎవరూ లేరు. షట్టర్ అలాగే ఎత్తి ఉంది. గది లోపల బుద్రి కూర్చున్న చోట ఒక గోనెసంచి నాలుగు మడతలుగా మడిచి ఉంది. దాని అంచు ఇంకా తడిగా ఉంది. ఆ తడిలో చిన్న చిన్న పళ్ళ గుర్తులు.