వెర్నన్ టాకెట్ ఆఖరి మూడు బంతులు

వెర్నన్ టాకెట్ కుడి మోచేతికి మంటమందు పట్టించి, చర్మం ఎర్రబడేదాకా రుద్దుకుంటున్నాడు. ఆ మంట లేనిదే చెయ్యి లేవదు. వెస్ట్ వర్జీనియా బొగ్గు ఊళ్ళ బేస్‌బాల్ జట్లలో, బంతులు విసిరి అలసిపోయిన పిచర్‌ను దింపేశాక ఆట చివర్లో బంతి విసిరే ఉద్యోగం అతనిది. ఎవరూ పైకి అనని పని ఇంకొకటుంది. మనవాణ్ణి వాళ్ళు బంతితో కొడితే, వాళ్ళవాణ్ణి కొట్టి రావాలి. కిందటేడు అలా విసిరిన బంతి డొక్కకు బదులు ముఖానికి తగిలి ఒక కుర్రాడి కన్ను పోయింది. వాడు మట్టిలో పడి కాళ్ళు కొట్టుకోవడం వెర్నన్ మరిచిపోలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం అవతలివాళ్ళు విసిరిన బంతి, వెర్నన్ జట్టు కుర్రాడు డ్వైట్ పక్కటెముక విరగ్గొట్టింది. చప్పుడు బెంచీదాకా వినిపించింది. మేనేజర్ హాబ్ పొగాకు ఉమ్మేసి వెర్నన్ వైపు తిరిగాడు.

"ఆ పొడుగోణ్ణి పడేసి రారా. లేదంటే రేపట్నించి గనిలోకి దిగుదువుగాని."

బ్యాటు పట్టుకున్న అవతలి పొడుగువాడు ముందే భుజం ముడుచుకుని నిలబడ్డాడు. దెబ్బ తగులుతుందని వాడికీ తెలుసు. వెర్నన్ పళ్ళు బిగించి విసిరాడు. బంతి వాణ్ణి తాకకుండా నేరుగా వెళ్ళి, వాడి వెనక కూర్చున్న క్యాచర్ చేతిలో పడింది. రెండోదీ, మూడోదీ అంతే. బ్యాటు ఊపడం కూడా మరిచి మూడు మంచి బంతులూ వదిలేసినందుకు, ఆ ఆట లెక్కన పొడుగువాడు అవుటైపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. సొంత బెంచీ మీద ఒక్కరూ కొట్టలేదు.

బట్టలు మార్చుకునే గదిలో డ్వైట్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"పోయినేడు నీకోసం నేను తన్నులు తిన్లేదా అన్నా?"

"తిన్నావురా. కాదన్నానా?"

"మరి నా ఎముకకి విలువ లేదా?"

"నావల్ల కాలేదురా."

డ్వైట్ పిడికిలి దవడ మీద పడింది. పెదవి చిట్లింది. మిగతావాళ్ళు మీదపడి తన్నారు. వెర్నన్ తల ఇనుప బీరువా అంచుకు కొట్టుకుంది. అతను చెయ్యెత్తలేదు. లేచి, నెత్తురు ఉమ్మి, ముఖం కడుక్కున్నాడు.

"మీ దెబ్బలకన్నా నా మంటమందే నయంరా" అన్నాడు.

బస్సులో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. బీరువాకు కొట్టుకున్న తల పోటెత్తుతుంటే కిటికీకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దారిలో బస్సు ఆగినప్పుడు డ్వైట్ దిగి, డొక్క పట్టుకుని వంగి నడుస్తూ వెళ్ళి, మాంసం శాండ్‌విచ్ కొని తెచ్చాడు.

"అన్నా, తిను."

నిద్రపోతున్నాడనుకుని ఒళ్ళో పెట్టాడు. క్షమించమని ఊరు చేరాక అడగొచ్చనుకున్నాడు. సిగ్గేసింది కూడా.

ఊళ్ళో అందరూ దిగారు, వెర్నన్ తప్ప. డ్వైట్ వెనక్కి వెళ్ళి భుజం తట్టాడు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. కొట్టినవాళ్ళే చేతులు వేసి అతన్ని కిందికి దించారు.

శాండ్‌విచ్ పొట్లం మడత విప్పకుండా సీటు మీదే ఉండిపోయింది.